సాతీ ఊరి మాంసం పళ్ళెం

ఆ శనివారం పొద్దున హాస్టల్ గేటు దగ్గరికి వచ్చేసరికే జాకిర్ తన లెక్కంతా సరిచూసుకుని ఉన్నాడు. అల్మాటీలో చదువు ముగిసింది. వచ్చే వారం తాష్కెంట్ రైలెక్కి ఉజ్బెక్ దేశంలోని తన ఊరు మర్గిలాన్ చేరితే ఇక తండ్రి పట్టుబట్టల కొట్టే, గజంబద్దే. ఆలోగా తేల్చుకోవలసింది ఒక్కటే మిగిలింది. రౌషన్ తన కోసం ఆగుతుందా, ఆగదా?

రౌషన్ అతని తరగతి పిల్ల. నాలుగేళ్ళుగా పక్కపక్కన కూర్చుని చదివారు. జాకిర్ తన మనసులో మాట ఎన్నడూ పైకి అనలేదు, ఆమె అడగనూ లేదు. కానీ ఈ ప్రయాణానికి పిలిచింది ఆమే.

"వెళ్ళిపోయేలోపు మా ఊరివైపు చూడవా? శనివారం చారిన్ లోయ చూద్దాం. రాత్రికి సాతీలో మా నానమ్మ ఇంట్లో పడుకుందాం. ఆదివారం కైండీ చెరువు. మా దౌలెత్ బండి నడుపుతాడు."

నానమ్మ ఇల్లు అన్న మాటను జాకిర్ గుడ్డను వెలుతురుకు పట్టి చూసినట్టు చాలాసార్లు చూశాడు. వాళ్ళింట్లో పెళ్ళి మాటలకు ఆ నానమ్మ కుల్యాష్ అవ్వ మాటే ఆఖరి మాటని రౌషన్ ఎప్పుడో చెప్పింది. కొట్టు యజమాని వెనక గదిలోకి పిలిచి సరుకు చూపిస్తున్నాడంటే అది ఊరికే చూపించడం కాదు. అందుకే నాన్న పంపిన మంచి అట్లస్ పట్టు రుమాలు ఒకటి సంచిలో మడిచి పెట్టుకున్నాడు. ఎవరికివ్వాలో, ఎప్పుడివ్వాలో సమయం చూసి తేల్చవచ్చనుకున్నాడు.

గేటు దగ్గర అల్పాయ్ నిలబడి ఉన్నాడు.

అల్పాయ్‌ది టర్కీలోని బుర్సా. ఏడాది చదువుకని వచ్చి, ఇక్కడి కొండలు నచ్చాయని ఇంకో ఏడాది పొడిగించుకున్నాడు. పొడగరి, నవ్వితే పళ్ళన్నీ కనిపిస్తాయి. నెత్తిన వెడల్పాటి గడ్డి టోపీ, చంకలో మిఠాయి డబ్బా.

"నువ్వెక్కడికి?" అన్నాడు జాకిర్.

"నువ్వెక్కడికో నేనూ అక్కడికే. రౌషన్ రమ్మంది. బండిలో చోటుందిట కదా?"

బండిలో చోటు ఉన్న మాట నిజమే. జపాన్ వాళ్ళ పాత బండి, ఇంటిల్లిపాదీ పడతారు. చోటు లేనిదల్లా జాకిర్ లెక్కలోనే. వచ్చే వారం తను ఈ ఊరు వదిలిపోతాడు, అల్పాయ్ ఉండిపోతాడు. కొట్టు మూసి వెళ్ళేవాడికి ఎదురు కొట్టువాడు తాళం తీస్తూ కనిపిస్తే ఎలా ఉంటుందో జాకిర్‌కు అప్పుడలా ఉంది.

దౌలెత్ బండి తెచ్చి ఆపాడు. రౌషన్ బాబాయి కొడుకు వాడు. మీసం ఇప్పుడిప్పుడే వస్తోంది, నోరు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. రౌషన్ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి ఇద్దరినీ చూసి నవ్వింది. ఆ నవ్వులో ఎవరి వాటా ఎంతో తేల్చుకుంటూ జాకిర్ తలుపు లాగాడు.

దారిలో షెలెక్ ఊరు దాటేదాకా అల్పాయ్ నోరు మూస్తే ఒట్టు. రెండు సీట్ల మధ్యకు మెడ చాచి రౌషన్‌ను ఒకటే అడుగుతున్నాడు.

"నీళ్ళను మీ భాషలో ఏమంటారు?"

"సు."

"మేమూ సు అనే అంటాం! విన్నావా దౌలెత్? మనం చుట్టాలంరా!"

రౌషన్ పకపకా నవ్వింది. దౌలెత్ స్టీరింగు మీద చరిచాడు.

"మేం సువ్ అంటాం" అన్నాడు జాకిర్.

"తెలుసులే" అంది రౌషన్.

అంతే. అందులో ఎవరికీ వింత కనబడలేదు. మర్గిలాన్ ఎంత దూరమని! పొరుగువాడు తెచ్చిన పండును చేత్తో నొక్కి చూసి పక్కన పెడతారు, సముద్రం అవతల నుంచి వచ్చినదైతే పుచ్చిపోయినా ముక్కలు కోసి అందరికీ పంచుతారు. జాకిర్ కిటికీలోంచి బయటకు చూశాడు. రోడ్డు పక్కన ఉడికించిన మొక్కజొన్న అమ్మే ఆడవాళ్ళు చేతులూపుతున్నారు. వాళ్ళ మీద కూడా అతనికి ఒళ్ళు మండింది.

చారిన్ లోయలోకి దిగేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు వేడిని విసురుతున్నాయి. నీళ్ళ సీసాలన్నీ జాకిర్ వీపు మీదే. తనే అడిగి తీసుకున్నాడు, మోసేవాడి విలువ తెలుస్తుందని. ఏటి ఒడ్డుకు చేరాక రౌషన్ నుదురు తుడుచుకుంటూ, "నా రుమాలు బండిలోనే మరిచిపోయాను" అంది.

ఇదే సమయమని జాకిర్ సంచి దించి తాడు ముడి విప్పుతున్నాడు. ఆ ముడి విప్పేలోపే అల్పాయ్ తన టోపీ తీసి ఆమె నెత్తిన పెట్టేశాడు.

"అబ్బ, ఎంత బాగుందో!" అని రౌషన్ టోపీ అంచు వంచి, దౌలెత్ ఫోనుకేసి నిలబడింది. "జాకిర్, నువ్వూ రా, ఫొటోకి."

"మీరు దిగండి. నేను సీసాలు నింపుతాను."

"ఏటి నీళ్ళు తాగితే కడుపు నొప్పి అన్నా" అన్నాడు దౌలెత్. "అయినా నీకు ఇప్పటికే ఉన్నట్టుందిలే. మొహం చూస్తే తెలుస్తోంది."

జాకిర్ ముడి మళ్ళీ బిగించాడు. పైకి ఎక్కుతున్నంతసేపూ ఆ గడ్డి టోపీ అతని ముందు ఊగుతూనే ఉంది. రాళ్ళను చూడమని రౌషన్ మూడుసార్లు చెప్పింది. ఆ రోజు చారిన్ లోయలో జాకిర్ చూసింది ఒక టోపీని మాత్రమే.

సాతీ చేరేసరికి కొండల మీద ఇంకా ఎండ ఉంది, ఊళ్ళోకి చల్లగాలి దిగింది. కుల్యాష్ అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. తెల్ల ముసుగు, గుండ్రటి మొహం, చిన్న కళ్ళు. ఆ కళ్ళు ఒకసారి చూసినదాన్ని రెండోసారి చూడనక్కరలేనివి. రౌషన్‌ను అక్కడి పెద్దల అలవాటు ప్రకారం బుగ్గ మీద వాసన చూసి దగ్గరికి తీసుకుంది. దౌలెత్ తండ్రి బెయిసెన్ పెరట్లో అప్పుడే గొర్రెను కోసి చేతులు కడుక్కుంటున్నాడు.

అల్పాయ్ డబ్బా ఇచ్చాడు. బుర్సా చెస్ట్‌నట్ మిఠాయి. అవ్వ అక్కడికక్కడే మూత తీసి తానొకటి నోట్లో వేసుకుని, పక్కింటి పిల్లలతో సహా అందరికీ పంచింది. "తీపి నోటివాడివి!" అని అల్పాయ్ భుజం తట్టింది.

జాకిర్ రుమాలు ఇచ్చాడు. ఇక ఎవరికివ్వాలన్న ప్రశ్నే లేకుండా పోయింది కనుక అవ్వకే ఇచ్చాడు. ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. వెలుతురుకు పట్టింది. తిరగేసి వెనక నేత చూసింది. ఏమీ అనలేదు. మడిచి గోడవారనున్న పెట్టెలో పెట్టి మూత వేసేసింది.

అమ్ముడుపోని సరుకును నాన్న కూడా అలాగే పెట్టెలో పెడతాడనుకున్నాడు జాకిర్.

లోపల భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచారు. నూనెలో వేయించిన పిండి ఉండలు బౌర్సాకులు, వెన్న, ఉప్పటి పెరుగు ఉండలు, టీ. అల్పాయ్‌ను అవ్వ అడిగినదంతా సముద్రం గురించే. నీళ్ళు నిజంగా ఉప్పగా ఉంటాయా? చేప ఎంత పొడవుంటుంది? ఓడ మునిగితే గుర్రాలు ఏమైపోతాయి? అల్పాయ్ చేతులు తిప్పుతూ చెబుతుంటే ఇల్లంతా నవ్వులు. తర్వాత అవ్వ జాకిర్ వైపు తిరిగింది. తండ్రి పేరేమిటి? తాత పేరు? తాత తండ్రిది ఏ ఊరు? అన్నదమ్ములెందరు? తల్లికి ఒంట్లో బాగుంటుందా? కొట్టు సొంతమా? తాగుతావా? సరిహద్దు దగ్గర మూటలు విప్పించే అధికారికి చెప్పినట్టు జాకిర్ ఒక్కొక్కటే చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. రౌషన్ టీ పోస్తూ తల వంచుకునే ఉంది.

అతనికి కథలు, నాకు తనిఖీ. జాకిర్ లోలోపల ఆ రెండు పద్దులనూ పక్కపక్కన రాసుకున్నాడు.

మాంసం వచ్చింది. పెద్ద పళ్ళెంలో వెడల్పాటి పిండి రేకులు, వాటి మీద ఉల్లిపాయ, పైన ఆవిర్లు కక్కుతున్న ఎముకలు, ముక్కలు. గొర్రె తలను విందుకు వచ్చిన పొరుగింటి పెద్దాయన ముందు పెట్టారు. మిగిలినవి అవ్వే కత్తి పట్టుకుని తన చేత్తో ఒక్కొక్కరికీ తీసి పెట్టింది. తొంటి ఎముక, పిడికిలి నిండా మాంసం ఉన్నది, అల్పాయ్‌కు. "దూరం నుంచి వచ్చినవాడివి, తిను నాయనా." బెయిసెన్‌కు ఒకటి, దౌలెత్‌కు ఒకటి. పళ్ళెం అడుగున వెతికి మరో ముక్క తీసి జాకిర్ ముందు పెట్టింది. అతనికేమీ చెప్పలేదు. పెట్టి, చేయి తుడుచుకుని, అతన్నే చూస్తూ కూర్చుంది.

జాకిర్ తన వాటా చూసుకున్నాడు. అరచేతి వెడల్పున పలచటి ఛాతీ ముక్క. పైన కాల్చిన తోలు, కింద కొవ్వు, మధ్యలో మెత్తటి ఎముక. దాన్నీ అల్పాయ్ ముందున్న ఎముకనూ తూచి చూడడానికి తక్కెడ అక్కరలేదు. అల్పాయ్ అప్పటికే మోచేతుల దాకా జిడ్డు చేసుకుని తింటున్నాడు. రౌషన్ అతన్ని చూసి నవ్వింది.

 పొద్దుటి నుంచీ పోగుపడ్డ ఉక్రోషమంతా జాకిర్‌లో పొంగింది. కానీ వర్తకుడి కొడుకు కదా, మొహాన నవ్వు పులుముకున్నాడు.

"అల్పాయ్, నీకు కొవ్వంటే ఇష్టమన్నావు కదా. ఇదీ నువ్వే తీసుకో" అంటూ ఆ ముక్కను అలాగే ఎత్తి అతని ముందుకు జరిపాడు. అన్నీ అటే పోతున్నాయి, ఈ తుక్కు మాత్రం నాకెందుకు అని అతని కడుపుమంట.

ఇల్లు ఒక్కసారిగా చల్లబడింది. అవ్వ చేతిలో కత్తి ఆగింది. బెయిసెన్ దగ్గబోయి, దగ్గకుండా, గోడ మీది తివాచీకేసి చూశాడు. పొరుగింటి పెద్దాయన చెవి గోక్కున్నాడు. రౌషన్ లేచి, నిండుగానే ఉన్న టీ కూజా పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

అల్పాయ్ ఒక్కడికే ఏమీ పట్టలేదు. "బతికించావు!" అని రెండు ముద్దల్లో తినేశాడు. "ఇది దానికంటే బాగుంది!"

దౌలెత్ ఇక ఆగలేకపోయాడు. "తిను బావా, తిను! నీకు కాకపోతే ఇంకెవరికి!"

"నోరు మూసుకుని ముక్క మింగరా, గాడిదా" అంది అవ్వ.

బావా? జాకిర్‌కు ఆ మాట చెవిలో సీసం పోసినట్టయింది. అయితే తేలిపోయిందన్నమాట. వీళ్ళు అప్పుడే వరసలు కూడా కలిపేసుకున్నారు. తలెత్తి చూసేసరికి అవ్వ ఇంకో కూజాతో అతని గిన్నెలో టీ పోస్తోంది. అంతదాకా రౌషన్ అందరికీ గిన్నె అడుగు తడిసేటంతే పోసింది, మళ్ళీ మళ్ళీ అడిగి పోయడానికి. ఇప్పుడు అవ్వ అంచుదాకా నింపింది. ఇక లేవవచ్చు అని దానికి అర్థం. ఆ సంగతి మర్గిలాన్‌లోనూ అంతే.

కాలుతున్న ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, తను ఏదో పోగొట్టుకున్నాడని జాకిర్ గ్రహించాడు. ఏం పోయిందో మాత్రం తెలియలేదు.

ఆదివారం పొద్దున కైండీకి వెళ్ళే దారిలో రౌషన్ అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు. వాగులు దాటే ఆ దారికి దౌలెత్ బండి పనికిరాదు, ఊరివాళ్ళ పాత సైనిక బండి మాట్లాడుకున్నారు. అది ఎగిరినప్పుడల్లా అందరి తలలూ పైకప్పుకు కొట్టుకున్నాయి. అల్పాయ్ ఒక్కడే నవ్వాడు.

చెరువులో మునిగిన చెట్లు మోడులై నిలువునా పైకి లేచి ఉన్నాయి. నీళ్ళు ఆకుపచ్చో నీలమో చెప్పలేని రంగు. రౌషన్ దూరంగా ఒక దుంగ మీద ఒంటరిగా కూర్చుంది. అల్పాయ్ బూట్లు విప్పి నీళ్ళలో కాలు పెట్టి, కుయ్యోమని వెనక్కి గెంతాడు.

"జాగ్రత్త బావా!" అన్నాడు దౌలెత్. "నీ కాలు విరిగితే నానమ్మకు నేనేం చెప్పుకోను?"

జాకిర్ వాడి భుజం పట్టుకుని తన వైపు తిప్పాడు. "ఏమిట్రా నిన్నటి నుంచీ ఈ బావ గోల?"

"నన్నడుగుతావేం అన్నా? చేసింది నువ్వు."

"ఏం చేశాను?"

దౌలెత్ అతని మొహంలోకి చూశాడు. వాడి నవ్వు మెల్లగా ఆరిపోయింది. "నీకు నిజంగా తెలియదా? నాలుగేళ్ళు ఉన్నావు కదా ఇక్కడ!"

"హాస్టల్లో అన్నీ ఒకేలా కోసి పెడతారు. చెప్పు."

"ఛాతీ ముక్క అల్లుడిది" అన్నాడు దౌలెత్. "ఇంటి అల్లుడికి తప్ప ఇంకొకడికి పెట్టరు. నానమ్మ పళ్ళెం అడుగున వెతికి మరీ నీకు పెట్టింది. మా నాన్నకే గుటక పడలేదు. ఇంకా అడగనైనా అడగనివాడికి అలా పెట్టడం ఆవిడకే చెల్లింది. నువ్వేమో దాన్ని తీసి ఇతనికి దానం చేశావు. అందరి ముందూ. అక్క కళ్ళ ముందే."

 కొట్టులోకెల్లా ఖరీదైన తానును చింపిరి గుడ్డనుకుని ఎదురు కొట్టువాడికి ఉచితంగా విసిరేసినవాడు ఏం మాట్లాడతాడు?

"మరి తొంటి ఎముక?" అన్నాడు జాకిర్.

"అది అతిథికి. మర్యాదకు పెట్టేది. అతిథి అంటే రేపు వెళ్ళిపోయేవాడేగా."

అల్పాయ్ ఒక కాలు తడిగా, ఒక కాలు పొడిగా నిలబడి ఇదంతా విన్నాడు. "అయితే తినేశానే! ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏముంది, కన్యాశుల్కానికి గుర్రాలు తోలుకురా" అన్నాడు దౌలెత్.

అల్పాయ్ నవ్వబోయి మానుకున్నాడు. జాకిర్ దగ్గరికి వచ్చాడు. "దాచడమెందుకు? రౌషన్ అంటే నాకూ ఇష్టమే, అది నీకూ తెలుసు. నిన్నటి నుంచి వీడు బావా అంటుంటే అర్థం తెలియకపోయినా ఆ పిలుపు బాగానే ఉంది. కానీ నాకెవరూ పెట్టలేదు జాకిర్. నీ పళ్ళెంలోంచి వచ్చింది తిన్నాను, అంతే." వంగి బూట్లు అందుకున్నాడు. "వెళ్ళు. నువ్వు వెళ్ళకపోతే మాత్రం నేను వెళ్తాను. ముందే చెబుతున్నా."

జాకిర్ వెళ్ళాడు. దుంగ రెండో కొసన కూర్చున్నాడు. రౌషన్ తల తిప్పలేదు.

"నాకు తెలియదు" అన్నాడు.

"దౌలెత్ గొంతు ఇక్కడిదాకా వినిపించింది. నీకు తెలియదని ఇప్పుడు తెలిసింది." ఆమె ఒక పుల్ల విరిచి నీళ్ళలో వేసింది. "తెలియకపోతే తినాలి. లేకపోతే అడగాలి. ఎవరికో ఇచ్చెయ్యడమేమిటి?"

"అతనికి పెద్దది పెట్టారనుకున్నాను."

"చిన్నపిల్లాడివా?"

"నిన్న పొద్దుటి నుంచీ అన్నీ అతనికే అనుకున్నాను. నవ్వులు, టోపీ, అవ్వ కబుర్లు."

"టోపీ ఎండకు పెట్టుకున్నాను జాకిర్. నీ సంచిలో రుమాలుందని నాకు కల వస్తుందా? లోపల దాచి ముడేసిన సరుకు ఎవరి కంట పడుతుంది? నీదే కదా బట్టల కొట్టు, నీకు నేను చెప్పాలా?"

జాకిర్ నేలకేసి చూశాడు.

"అసలు అల్పాయ్‌ను ఎందుకు తెచ్చాననుకున్నావు?" అంది ఆమె.  "నేనొక మగవాణ్ణి ఒక్కణ్ణే వెంటబెట్టుకుని సాతీలో బండి దిగితే ఊరంతా ఏమంటుంది? ఇద్దరొస్తే స్నేహితులు, ఊరు చూడ్డానికొచ్చారు. ఒక్కడొస్తే అది వేరే మాట. అతన్ని తెచ్చింది నీ కోసం. నానమ్మకు నేనేమీ చెప్పలేదు. ఆవిడే కనిపెట్టింది. మీ తాత ముత్తాతల దాకా ఎందుకు అడిగిందనుకున్నావు? అల్పాయ్‌ను అడిగిందా అలా?"

తన లెక్కలో నష్టమని రాసుకున్న ప్రతి పద్దూ తన జమలోదేనని జాకిర్‌కు ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. ఆ సంతోషం మాత్రం అతనికి దక్కలేదు. పద్దులన్నీ తనే అడ్డంగా కొట్టేశాడు మరి.

"నీకు అసూయ కలిగిందని కాదు నా బాధ" అంది రౌషన్ లేస్తూ. "ఆ మంటలో నన్ను తీసి పక్కవాడి ముందుకు జరిపేశావు. అతను దాన్ని తినెయ్యడం నేను టీ కూజాతో గుమ్మంలో నిలబడి చూశాను. ఆ తర్వాత లోపలికి రాబుద్ధి కాలేదు."

సాతీకి తిరిగి వచ్చేసరికి కుల్యాష్ అవ్వ పెరట్లో గుడ్డ పరిచి పెరుగు ఉండలు ఎండబెడుతోంది. జాకిర్ ఎదురుగా వెళ్ళి చతికిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

"అవ్వా, నిన్న తప్పు చేశాను."

"ముక్క బాగాలేదా?"

"దాని విలువ తెలియలేదు. అల్పాయ్‌కు మంచిది పెట్టి నాకు తుక్కు పెట్టారనుకున్నాను."

"కుళ్ళుకున్నావన్నమాట."

జాకిర్ అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు. "అవునవ్వా. గేటు దగ్గర బయలుదేరినప్పటి నుంచీ."

ముసలామె చిన్న కళ్ళు అప్పుడు లేచాయి. "మా ఆయనా అంతే. ఎవరో దారినపోయేవాడి గుర్రానికి నేను నీళ్ళు పెట్టానని కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. కానీ నన్నెవరికీ ఇచ్చెయ్యలేదు. గుర్రాన్ని తోలేశాడు." ఒక ఉండ తీసి అతని అరచేతిలో పెట్టింది. "కుళ్ళుండటం తప్పు కాదు. అది వచ్చినప్పుడల్లా చేతిలోది పారేస్తానంటే మాత్రం నా మనవరాలికి కష్టం."

"ఇక పారెయ్యను."

"ఒక గొర్రెకు ఛాతీ ఒక్కటే. నిన్నటిది అయిపోయింది, ఆ సముద్రం వాడు బాగా తిన్నాడు."

"ఇంకో గొర్రెను నేను తెస్తాను."

"నువ్వు తెస్తే అది మాంసం" అంది అవ్వ. "మీ నాన్న తెస్తే మాట. చలి పడకముందే రమ్మను. కొట్టు మూసి రాగలడా, లేక నీలాగే అన్నీ తూచుకుంటూ కూర్చుంటాడా?"

"వస్తాడు."

"చూద్దాం. పిల్లను మాత్రం నేనేమీ ఒప్పించను. మాంసం పెట్టడం నా వంతు. ఆమె మనసు గెలుచుకోవడం నీ వంతు."

బయలుదేరేటప్పుడు ఆమె మిగిలిన మాంసం, బౌర్సాకులు రెండు మూటలు కట్టి ఒకటి జాకిర్‌కు, ఒకటి అల్పాయ్‌కు ఇచ్చింది. బండి కదిలాక జాకిర్ చేయి ఊరుకోలేదు. తన మూట ఒడిలో ఉండగానే పక్కనున్న అల్పాయ్ మూటను కాస్త పైకెత్తి చూసింది. అదే ఎక్కువ బరువుగా ఉంది. ఎక్కడో సూది గుచ్చుకుంది.

అల్పాయ్ ఓరకంట చూశాడు. "మార్చుకుందామా?"

"వద్దు" అన్నాడు జాకిర్ గబుక్కున. "ఎవరిది వాళ్ళే ఉంచుకుందాం."

దౌలెత్ అద్దంలో చూసి పళ్ళికిలించాడు. ఎవరినీ బావా అనలేదు. రౌషన్ కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు కదిలాయి. నవ్వో, గతుకులో తెలియలేదు.

కొండలు దిగాక ఫోను పనిచేయడం మొదలైంది. జాకిర్ తండ్రికి చేశాడు. బండి చప్పుడుకు గట్టిగా మాట్లాడక తప్పలేదు.

"నాన్నా, చలి పడకముందు సాతీ అనే ఊరికి రావాలి. గొర్రెతో."

 అవతల కొట్టులో ఎవరో పట్టు తాను విప్పుతున్న చప్పుడు వినిపించింది. సంగతంతా ఆయనకు మూడు మాటల్లో అర్థమైంది.

"వాళ్ళు అడిగింది గొర్రెనొక్కదాన్నేనా?"

"ఒక్కదాన్నే."

"అంత తక్కువకు వస్తున్నారంటే నాకు నమ్మకం లేదు. అడగాల్సినవాళ్ళు ఇంకెవరో మిగిలే ఉంటారు. పిల్ల ఏమంది?"

జాకిర్ ముందు సీటువైపు చూశాడు. ఫోనులో అరుస్తున్న నాన్న మాటలు ఆమెకు వినిపించాయి. ఉజ్బెక్ మాట ఆమెకు అర్థం కాకపోదు. సువ్ అన్నా, సు అన్నా ఆమెకు ఒకటే.  అల్పాయ్ కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు.

రౌషన్ వెనక్కి తిరగలేదు.

"ఆలోచిస్తోందని చెప్పు" అంది. కాసేపాగి, "గొర్రెను మాత్రం ఇప్పటి నుంచే మేపమను" అంది.